గోడలకు జ్ఞాపకము కలదా?

గడచిన కాలమును దాచునది పాత గృహమా, లేక దానిని చూచు మనస్సా? పురాతన భవనములలో వెలుగును, ధ్వనిని, విడిచిన వస్తువులను అమర్చు కళాకారులు ఈ ప్రశ్ననే మన ముందుంచుచున్నారు.

ఖతార్ దేశమున, దోహా నగరపు ముషైరిబ్‌లో, నాలుగు పాత గృహములను మ్యూజియములుగా 2015లో తెరచిరి. వానిలో బిన్ జల్మూద్ గృహము హిందూమహాసముద్ర తీరముల బానిసత్వ చరిత్రను చెప్పును. ఆ దేశమున బానిసత్వము 1952లో రద్దయినది. కంపెనీ గృహము తొలి చమురు కార్మికుల శ్రమను తెలుపును.

ఇది మనకు పరాయి కథ కాదు. మారిషస్‌లో 1835లో బానిసత్వము తొలగింపబడగా, అదే చెరకు తోటలలో మన పెద్దలు ఒప్పందపు కూలీలైరి. వారివంటి వారు దిగిన ఆప్రవాసీ ఘాట్ 2006లో ప్రపంచ వారసత్వ స్థలమైనది.

దుఃఖమును ప్రదర్శనగా మార్చుట ధర్మమా యని కొందరడుగుదురు. చూచి, మెచ్చి, మరచినచో అధర్మమే. ముఐథర్ నుండి ఒక తెలుగు కార్మికుడు ఆ గృహమును చూడబోయెననుకొందము. అతడు చూచునది కేవలము గతము కాదు. యజమాని అనుమతి లేకయే పని మారు హక్కును ఖతార్ 2020లో చట్టముచే ఇచ్చినది. మన పెద్దలు పాసు లేనిదే తోట దాటలేకపోయిరి.

మృతులకై కన్నీరు కార్చుట సులభము. వారు మనలను కూలి అడుగరు. బ్రతికియున్న శ్రామికుడు అడుగును. అతనికి న్యాయము చేయించు జ్ఞాపకమే నిజమైన జ్ఞాపకము. అది గోడలలో లేదు. మన నడవడిలో ఉండవలెను.