చేయి కదలక మునుపు

ధ్యాన భాగము: 1 సమూయేలు 17:32–40



గత మాసము మన సంఘములోని దర్జీ సహోదరుని చూచుటకై మేము పట్నము వెళ్లితిమి. ఆయనకు పక్షవాతము వచ్చి కుడిచేయి బలహీనమాయెను. దిల్‌సుఖ్‌నగర్‌లో కుమార్తె యింట నుండి వైద్యము చేయించుకొనుచున్నాడు. ఎల్.బి. నగర్‌లో బస్సు దిగి మెట్రో రైలెక్కితిమి; 2018లో ఆ దారి తెరచినది మొదలు మనవంటి పల్లెవారికి ఆ రద్దీలో కొంత సుఖము కలిగెను.

మేము చేరునప్పటికి ఆయన కన్నులు మూసికొని కూర్చుండెను. ప్రార్థించుచున్నాడనుకొని మేమును తల వంచితిమి. కొంతసేపటికి ఆయన నవ్వి, "ప్రార్థన కాదయ్యగారూ, సూదిలో దారం ఎక్కిస్తున్న" అనెను. చేతిలో సూదియు లేదు, దారమును లేదు! వ్యాయామము చేయించు వైద్యురాలు అట్లు చెప్పెనట: పనిని మొదట మనస్సులో క్రమముగా చేసికొని, పిమ్మట చేతితో ప్రయత్నింపవలెను.

మేము మొదట నమ్మలేదు. అయితే వ్రేలు కదలుటకు సుమారు ఒక సెకను ముందే మెదడులో సిద్ధపాటు ఆరంభమగునని జర్మనీ దేశములో కోర్న్‌హూబర్, డీకె అను ఇద్దరు 1965లో ప్రకటించిరి. నిలుచున్నవాడు చేయి ఎత్తునప్పుడు, చేయి లేవక మునుపే కాళ్ల కండరములు బిగిసి అతడు తూలకుండ కాయునని 1967లో రష్యా శాస్త్రజ్ఞులు చూపిరి. ఆదివారము దీవెన కొరకు మేము చేతులెత్తకముందే మా కాళ్లు సిద్ధపడుచున్నవని ఇన్ని యేండ్లు మేమెరుగము! పనిని శ్రద్ధగా ఊహించునప్పుడును, దానిని సిద్ధపరచు మెదడు భాగములు అనేకము పనిచేయునట. అయినను ఊహ ఒక్కటే చాలదు. చేతి సాధనకు అది తోడు మాత్రమే.

దావీదును చూడుడి. సౌలు ఇచ్చిన కవచము మంచిదే, కాని ఆ దేహమునకు దాని వాడుక లేదు, తీసివేసెను. వడిసెలయందో, గొర్రెలు కాచిన దినములన్నియు ఆ చేతిలో నుండెను. ఏటిలో రాళ్లు ఏరుచున్నప్పుడే అతని మనస్సు వడిసెల త్రిప్పుచుండెనని మా తలంపు. వాక్యములో అట్లు లేదు, మా ఊహయే.

మన సహోదరుని మిషను ఊరిలో గుడ్డ కప్పి యున్నది. నలువది యేండ్లు దానిమీదనే ఆ యిల్లు గడిచెను. "చెయ్యి మరిచింది గాని నేను మరవలేదయ్యగారూ" అనినప్పుడు మాకు మాట రాలేదు.

సాయంత్రము ఆయన నిజమైన సూది తీసికొనెను. మూడు మారులు దారము తప్పిపోయెను. కుమార్తె సాయము చేయబోగా వద్దనెను. ఆ దినమున దారము ఎక్కలేదు. మేము బస్సు వేళయైనదని లేచునప్పటికి ఆయన మరల కన్నులు మూసికొనెను. ఈసారి మేము తల వంచక, ఆయన వ్రేళ్లనే చూచుచు నిలిచితిమి.