దానమా, బాకీయా?



ఒకని చేతికి చిక్కిన ఆహారంలో పొరుగువానికి వాటా ఉన్నదా? ఉన్నదంటే, అది ఇచ్చేవాని దయా, పుచ్చుకొనేవాని హక్కా? ఈ ప్రశ్నకు మంచుదేశపు వేటగాళ్ళు ఇచ్చిన జవాబును మీ ముందు ఉంచుతాను.

కెనడా ఉత్తరపు అంచున పెల్లీ బే అనే ఊరు ఉంది. ఇప్పుడు దాని పేరు కుగారుక్. ఆ ప్రాంతపు ఇన్యూట్ ప్రజలలో నెత్సిలిక్ తెగవారు పూర్వం శీతకాలమంతా గడ్డకట్టిన సముద్రం మీద సీల్ అనే జంతువును వేటాడి బ్రతికేవారు. సీల్ నీటిలో తిరిగినా మనవలె గాలి పీల్చాలి. అందుకని మంచులో గోళ్ళతో గీకి కొన్ని రంధ్రాలను తెరచి ఉంచుకుంటుంది. ఎప్పుడు ఏ రంధ్రం దగ్గరికి వస్తుందో ఎవరికీ తెలియదు. అందుచేత వేటగాళ్ళు కలిసి వెళ్ళి, ఒక్కొక్కరు ఒక్కొక్క రంధ్రం దగ్గర బల్లెం పట్టుకొని, కదలక మెదలక గంటల తరబడి నిలబడేవారు. పదిమంది నిలబడితే సీల్ ఒకని దగ్గరే తల ఎత్తుతుంది. తక్కిన తొమ్మిదిమందీ అదే చలికి ఓర్చారు. మరి ఆ సీల్ ఎవరిది?

బెల్జియం నుండి అక్కడికి వెళ్ళిన ఒబ్లేట్ సభ గురువు ఫ్రాన్స్ వాన్ డి వెల్డె ఆ పంపకపు నియమాలను 1956లో ప్రచురించారు. సీల్‌ను 14 పోగులు చేసేవారు. ప్రతి పోగుకూ ఒక పేరు ఉండేది. మగబిడ్డ పుట్టిన కొద్దికాలానికే తల్లి అతనికి వాటాదారులను ఏర్పరచేది. వారు దగ్గరి బంధువులు కారు. సొంతవారికి పెట్టమని ఎవరూ చెప్పనక్కరలేదు గదా! వాటాదారులు ఒకరినొకరు తమకు వచ్చే పోగు పేరుతోనే పిలుచుకొనేవారు. చంపినవానికి దక్కేది మిగిలిన భాగం. ఇక్కడ దాత లేడు, యాచకుడు లేడు. తీసుకొనేవాడు తలవంచనక్కరలేదు.

“అది మంచితనం కాదు, అవసరం” అని మీరు అనవచ్చు. ఆ మాటలో నిజం ఉంది. వారిని దేవదూతలుగా చిత్రించను. అదే తెగలో ఆడశిశువులను చంపిన సందర్భాలు, కరువులో వృద్ధులను విడిచిపెట్టిన సందర్భాలు ఉన్నాయి. పైగా తుపాకులు వచ్చి ఒంటరి వేట సాధ్యమయ్యాక 14 పోగుల కట్టడి సడలిపోయింది. ఇన్యూట్ కుటుంబాలు వేటమాంసం పంచుకోవడం మాత్రం నేటికీ మానలేదు.

అయితే అవసరం తీరగానే బాధ్యత కూడా తీరిపోతుందా? తీరదని నా నమ్మకం. అవసరం ఆ బాధ్యతను పుట్టించలేదు, కంటికి కనిపించేట్లు చేసింది. పక్క రంధ్రం దగ్గర నిలబడినవానిని వేటగాడు కళ్ళారా చూచాడు. మన అన్నం వెనుక నాటువేసినవారు, కోసినవారు, మోసినవారు ఉన్నారు. వారు మనకు కనబడరు, అంతే. మనకు మిగిలినది ప్రకృతి ధర్మం ప్రకారమే పేదలకు చెందవలసినదని పునీత తోమాసు అక్వినాసు బోధించాడు. అట్లయితే మనం దానం అనుకొనేదానిలో ఎంతో భాగం తీర్చవలసిన బాకీయే.

బిడ్డ పుట్టినప్పుడు వాడు పెద్దవాడై ఏమి సంపాదిస్తాడోనని మనం కలలు కంటాం. ఆ మంచుదేశపు తల్లి, ఆ సంపాదనలో ఎవరెవరికి వాటా ఉన్నదో ముందుగా నిర్ణయించింది. మీ బిడ్డకు మీరు ఎవరిని వాటాదారులుగా చూపించారు? ఈ రాత్రి భోజనం దగ్గర ఇంటిల్లిపాదీ కూర్చుని ఆ పేర్లు చెప్పుకొని చూడండి.