బీరువా తాళం

మా చిన్నమ్మ పుస్తెలతాడు తెంపుకుపోయినవాణ్ని పట్టించింది తిరుమలగిరి చౌరస్తాలోని కెమెరా. అందుకే నేను ప్రైవసీ అనగానే, "తప్పు చెయ్యనోనికి భయమేంది కొడుకా?" అంటుంది.

నాకు మాత్రం 2021 అక్టోబరు గుర్తొస్తుంది. హైదరాబాదులో పోలీసులు బండ్ల మీద పోయేవాళ్లను ఆపి, ఫోన్లు తీసుకుని, వాట్సాప్‌లో 'గంజాయి' అన్న మాట కోసం వెతికారు. చిన్నమ్మ విషయంలో ముందు నేరం, తర్వాత వెతుకులాట. ఇక్కడ వెతుకులాటే ముందు; నేరం దొరికితే దొరుకుతుంది. పైగా నా ఫోన్‌లో ఉండేది నా మాటలే కాదు, నన్ను నమ్మి చెప్పుకున్నవాళ్లవి కూడా.

ఆఫీసులో కస్టమర్ డేటా తెరవాలంటే నేను కారణం రాయాలి. ఎప్పుడు చూశానో రికార్డవుతుంది. రోడ్డు మీద తెరిచిన ఫోన్‌కి ఆ లెక్క ఎవరు రాస్తారు? గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న చెప్పిన సుప్రీంకోర్టు దానికి హద్దులూ ఒప్పుకుంది: చట్టం ఉండాలి, అవసరం ఉండాలి, జోక్యం ఆ అవసరాన్ని మించకూడదు.

మొన్న చిన్నమ్మనే అడిగాను: "పోలీసులొచ్చి బీరువా తెరువమంటే?"

"ఏం పోయిందో, ఎవరిది పోయిందో చెప్పమంట."

"ఫోనూ అంతే కదా!"

కాసేపు ఆలోచించింది. "సరే. గని చౌరస్తల కెమెరా తియ్యమనకు."

అననులే చిన్నమ్మా.