వృద్ధాశ్రమం గడప దగ్గర ముగియని బాధ్యత

జుమా నమాజు తరువాత ఒక సోదరుడు మా దగ్గరికి వచ్చాడు. కువైట్‌లో ఉద్యోగం. భార్యాపిల్లలూ అక్కడే ఉన్నారు. ఇక్కడ వృద్ధురాలైన తల్లి ఒంటరిగా ఉంటోంది. జారిపడి తుంటి ఎముక విరగడంతో మంచం పట్టింది. "మౌలానా సాబ్! అమ్మీని వృద్ధాశ్రమంలో చేర్పిద్దామనుకుంటున్నాను. నెలనెలా డబ్బు పంపుతాను. నేను పాపం చేస్తున్నట్లా?" అని అడిగాడు. అడుగుతుండగానే అతని కళ్ళు చెమర్చాయి.

సోదర సోదరీమణులారా! ఈ ప్రశ్న అతనొక్కడిదే కాదు. కొడుకులు గల్ఫ్‌లోనో, హైదరాబాద్‌లోనో ఉండి, తల్లిదండ్రులు ఊళ్ళో మిగిలిపోయిన ప్రతి ఇంటిదీ.

దివ్యఖుర్ఆన్‌లోని బనీ ఇస్రాయీల్ సూరా 23వ ఆయతులో అల్లాహ్ తనను మాత్రమే ఆరాధించాలని ఆజ్ఞాపించిన వెంటనే తల్లిదండ్రుల పట్ల సద్వర్తనను ఆజ్ఞాపించాడు. వృద్ధాప్యంలో వారి ముందు విసుగుతో 'ఉఫ్' అని కూడా అనరాదన్నాడు. ఆ ఆయతులో వృద్ధాప్యం గురించి చెబుతూ 'నీ దగ్గర' అనే మాట వచ్చింది. అంటే ముసలితనంలో తల్లిదండ్రుల చోటు సంతానం దగ్గరే. స్తోమత ఉండి, చూసుకునేవారుండి, కేవలం విసుగుతో వారిని బయటికి పంపేవారు రేపు అల్లాహ్ ముందు ఏం జవాబు చెబుతారో ఇవాళే ఆలోచించుకోవాలి.

అయితే నిజంగా గత్యంతరం లేనివారి సంగతేమిటి? పడకన ఉన్న మనిషిని లేపడం, శుభ్రం చేయడం, వేళకు మందులివ్వడం అందరికీ చేతనయ్యే పనులు కావు. తెలిసినవారి చేత డబ్బిచ్చి ఆ సేవ చేయించడం తప్పు కాదు. కానీ మనం ఇతరుల చేతికి అప్పగించేది పనిని మాత్రమే. బాధ్యత మన మెడలోనే ఉంటుంది. ప్రతి వ్యక్తీ ఒక కాపరేనని, తన సంరక్షణలో ఉన్నవారి గురించి అతన్ని ప్రశ్నించడం జరుగుతుందని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వ సల్లం) బోధించారు (బుఖారీ, ముస్లిం). గొర్రెల్ని కూలివాడికి అప్పగించిన యజమాని సాయంత్రం లెక్క చూసుకోకుండా పడుకుంటాడా?

కూతురికి సంబంధం చూసేటప్పుడు ఆ ఇంటి గురించి పదిమందిని విచారిస్తాం. మరి తల్లిని చేర్పించే చోటును ఎందుకు విచారించం? గోడల రంగు చూసి, ఫీజు కట్టి వచ్చేస్తే సరిపోతుందా?

మొదట నిప్పు సంగతి చూడండి. ఒక రాత్రి మదీనాలో ఒక ఇల్లు మనుషులు లోపలుండగానే కాలిపోయింది. ఆ వార్త చేరినప్పుడు దైవప్రవక్త (స) నిప్పు మనకు శత్రువని, పడుకునే ముందు దాన్ని ఆర్పివేయాలని ఉపదేశించారు (బుఖారీ, ముస్లిం). అంచున అడ్డు లేని మిద్దెమీద పడుకోవడం గురించి కూడా ఆయన హెచ్చరించారు (అబూ దావూద్). ప్రాణరక్షణకు జాగ్రత్తలు తీసుకోవడం ధర్మంలో భాగమేనని వీటివల్ల తెలుస్తోంది. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో ఏం జరిగిందో గుర్తుచేసుకోండి. అక్కడి దర్గా సమీపంలో మానసిక రోగుల్ని ఉంచే ఒక ప్రైవేటు కేంద్రంలో మంటలు లేచాయి. గొలుసులతో కట్టివేసి ఉండటంతో 28 మంది తప్పించుకోలేక చనిపోయారు. వారిని అక్కడ చేర్పించింది సొంతవాళ్ళే. నయమవుతుందన్న ఆశతోనే చేర్పించారు. నమ్మకం మంచిదే, కానీ దానితోపాటు తలుపు తాళం ఎవరి దగ్గరుందో కూడా అడగాలి. రాత్రిపూట బయటికి వెళ్ళే రెండో దారి ఉందా? నడవలేనివారిని పైఅంతస్తులో ఉంచారా? రాత్రి కాపలాకు ఎంతమంది ఉంటారు?

తరువాత స్నానాలగదికి వెళ్ళి చూడండి. నేల జారుతోందా? పట్టుకోవడానికి గోడకు కడ్డీ ఉందా? రాత్రి దీపం వెలుగుతుందా? ఒక ఆశ్రమంలో మేము చూసిన పెద్దాయన మగ్రిబ్ తరువాత నీళ్ళు తాగడమే మానేశారు. ఎందుకని అడిగితే, చీకట్లో మరుగుదొడ్డికి వెళ్ళాలంటే భయమన్నారు. సాయంత్రమంతా దాహాన్ని ఓర్చుకుంటున్నారు. ఆ సంగతి కొడుక్కు తెలియదు.

మంచాన ఉన్నవారిని రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలని వైద్యులు చెబుతారు. లేకపోతే వీపు, తుంటి, మడమల దగ్గర పుండ్లు పడతాయి. వీడియో కాల్‌లో ముఖం కనిపిస్తుంది, వీపు కనిపించదు. కాబట్టి ఎవరో ఒకరు వెళ్ళి చూడాల్సిందే. ఏ మందు ఏ వేళకు ఇచ్చారో పుస్తకంలో రాస్తున్నారా, స్త్రీలకు సేవ చేసేది స్త్రీలేనా, భోజనం హలాలేనా, వుజూకు నీళ్ళు, నమాజుకు శుభ్రమైన చోటు ఉన్నాయా అని కూడా విచారించండి. నిలబడలేనివారు కూర్చుని నమాజు చేయవచ్చు. నీళ్ళవల్ల హాని కలిగే రోగి తయమ్ముమ్ చేసుకోవచ్చు. ధర్మం ఇచ్చిన ఈ సౌలభ్యాలు సేవ చేసేవారికి తెలియకపోతే మనమే చెప్పాలి.

దేశ చట్టం కూడా మనకు తోడుంది. తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. ఆశ్రమాలు పాటించాల్సిన ప్రమాణాలను రాష్ట్ర ప్రభుత్వాలు నిర్ణయించవచ్చని అందులో ఉంది. వృద్ధుల సంరక్షణను స్వీకరించినవారు వారిని దిక్కులేకుండా వదిలేస్తే మూడు నెలల వరకు జైలుశిక్ష పడవచ్చు. వృద్ధుల సహాయం కోసం 14567 నంబరు ఉంది. అన్యాయం కనిపిస్తే ఊరుకోవడం విశ్వాసికి తగదు.

ఆ సోదరుడు తిరుగు ప్రయాణాన్ని వారం రోజులు వాయిదా వేసుకున్నాడు. మూడు ఆశ్రమాలు చూశాడు. మొదటిదానికి రాత్రివేళ చెప్పకుండా వెళ్తే వెనుక తలుపుకు తాళం వేసి ఉంది. తాళంచెవి ఎక్కడుందో అక్కడున్న ఒక్క పనిమనిషికీ తెలియలేదు. చివరికి ఖాలా ఇంటికి దగ్గరలో ఉన్న చిన్న ఆశ్రమాన్ని ఎంచుకున్నాడు. ఆమె వారానికి రెండుసార్లు వేళ చెప్పకుండా వెళ్ళి చూస్తోంది. అతను ఏటా సెలవు దొరికిన రోజులన్నీ తల్లిని ఇంటికి తెచ్చుకుని తానే సేవ చేస్తానని మాట ఇచ్చాడు.

మీవాళ్ళెవరైనా ఆశ్రమంలో ఉంటే ఈ వారమే వెళ్ళండి, వేళ చెప్పకుండా వెళ్ళండి. మీవాళ్ళెవరూ లేకపోయినా వెళ్ళండి. ఎవరూ రాని మంచాలు అక్కడ చాలా ఉంటాయి.

చిన్నతనంలో మనల్ని కరుణతో పెంచిన తల్లిదండ్రులపై అల్లాహ్ కరుణ చూపుగాక! వారి హక్కులు నెరవేర్చే భాగ్యాన్ని మనకు ప్రసాదించుగాక! ఆమీన్.