విమాన నిర్మాణము – గ్రామ యోగక్షేమములు

మొన్న తరగతిలో నొక బాలుడు లేచి, "సార్, ఆదిభట్లలో విమానముల భాగములు చేయుచున్నారట. అట్టి కర్మాగారము మన నెక్కొండకు వచ్చినచో మన యూరు బాగుపడదా?" యని యడిగెను. ఔనని వెంటనే చెప్పజాలకపోతిని. కాదనుటకును నోరు రాలేదు.

బాలుడు విన్నది నిజమే. హైదరాబాదు చెంతనున్న ఆదిభట్లలో టాటావారు లాక్‌హీడ్ మార్టిన్ సంస్థతో గూడి సి-130జె రవాణా విమానముల తోకభాగములను, బోయింగు సంస్థతో గూడి అపాచీ హెలికాప్టరుల దేహములను నిర్మించుచున్నారు. ఈ రెండవ కర్మాగారము 2018లో ప్రారంభమైనది. రాఫేల్ యుద్ధవిమానముల దేహభాగములను హైదరాబాదున నిర్మించుటకు ఫ్రెంచి దసో సంస్థతో 2025లో నొడంబడిక జరిగినది.

అయినను ఇట్టి వార్త వినినంతనే మన యూళ్లలో మొదట పుట్టు ప్రశ్న యేది? "ఎకరము ధర యెంతకు పెరుగును?" అనునదియే. లేనిదానిని పొందుట యోగమనియు, పొందినదానిని కాపాడుకొనుట క్షేమమనియు మన పెద్దలు విడదీసి చెప్పిరి. భూమి నమ్మి తెచ్చిన ధనము యోగమే. అది పెండ్లికిని మేడకును వ్యయమైపోయినచో క్షేమమెక్కడిది? ఆ యోగమైనను భూమిగలవానికే. అదే చేనిలో మిరపకాయ లేరి, పత్తి తీసి, దినకూలితో బ్రతుకు స్త్రీకి ధర పెరిగిననేమి, తరిగిననేమి? చేను పోయిననాడు ఆమె కూలియు పోవును. 2013 నాటి భూసేకరణ చట్టము భూమిలేని వ్యవసాయ కూలీల కుటుంబములను గూడ బాధితులలో చేర్చినది. చట్టము గుర్తించిన యామెను మనము మరచుట న్యాయమా?

ఐ.టి.ఐ.లో చదివి యట్టి పనిలో చేరిన నా పూర్వశిష్యు డొకడు దసరాకు వచ్చినపుడు తన పనిని వివరించెను. లోహపు రేకులకు రంధ్రములు తొలిచి రివెట్లు బిగించుట యతని వృత్తి. రంధ్రము వెండ్రుకవాసి తప్పినను దాచరాదు. చెప్పి, వ్రాసి, పరీక్షకు నిలువవలెను. పని ముగిసినపిమ్మట పనిముట్ల నన్నిటిని లెక్కింతురు. ఒక్కటి తక్కువైనను వెదకి కనుగొనువరకు విడువరు. అతడు కూలివాని కుమారుడు. తండ్రికి భూమి లేదు. కొడుకున కీ నేర్పు కలదు. దీని నెవ్వరును కొనిపోజాలరు.

కాని నేర్పు సయితము ఒక్క ద్వారమునకే కట్టుబడియున్న నపాయమే. వరంగల్లున 1934లో వెలసిన ఆజంజాహి మిల్లు వేలకుటుంబములకు కూడు పెట్టి, 2002లో మూతపడినది. మరమగ్గమే యెఱిగిన నడివయస్సువాడు ఆనాడు మరియొక తలుపు తట్టుట సులభమా? విమానముల గిరాకి దూరదేశముల నిర్ణయములపై నాధారపడునది. కావున కొలత, చిత్తుపటము చదువుట, యంత్రమును సరిదిద్దుట మున్నగు నేయంత్రశాలకైనను పనికివచ్చు విద్యను నేర్పుడని కర్మాగారమువారిని మనము ముందే కోరవలెను. ఎకరము ధరకన్న ముందు, మా కూలిపిల్ల లెందరికి పని నేర్పుదురని యడుగవలెను. నేర్చుటకు వయస్సు మీరిన కూలివారి కేమి చేయుదురనియు నడుగవలెను. ఈ రెండింటికిని బదులు రానిచో, ఊరిలో కర్మాగార ముండును గాని, ఊరివారు దాని ప్రహరి వెలుపలనే యుందురు.

మరునాడు ఆ బాలునికి స్కేలునిచ్చి, తన బల్ల పొడవును కొలువుమంటిని. మూడుమారులు కొలువగా మూడు లెక్కలు వచ్చినవి. తోడివారు నవ్విరి. వాడు నవ్వక, స్కేలు కొనను బల్ల యంచునకు సరిగా నానించి, నాలుగవమారు కొలువ నారంభించెను.