ఎవరి చీరో, ఎవరి మందో

మా నాయన ధర్మవరంలో నలభై ఏళ్ళకు పైగా కూలి మగ్గం నేశాడు. చూపు మందగించాక హిందూపురంలో మా తమ్ముడి దగ్గర ఉంటున్నాడు. పోయిన కార్తీకంలో నేను బెంగళూరు నుంచి వస్తే, లేపాక్షికి పిలుచుకొని పొమ్మన్నాడు. బస్సులో కూర్చున్నాక, నేను ఉద్యోగంలో చేరిన ఇరవై రెండేళ్ళలో ఎన్నడూ అడగని మాట అడిగాడు. "ఇంతకీ నువ్వు చేసే పని ఏందమ్మా?"

చెప్పాను. మందుల కంపెనీలు కొత్త పదార్థాలు తయారుచేసి మా ల్యాబుకు పంపుతాయి. పేరుండదు, సీసా మీద నంబరు ఒక్కటే. ఇన్ని మిల్లీగ్రాములని తూచి పంపుతారు. ఏ జబ్బు కోసమో చాలాసార్లు చెప్పరు. అది ఫలానా రిసెప్టార్‌కు ఎంత గట్టిగా అతుక్కుంటుందో కొలిచి అంకె పంపుతాం. మిగిలిన పొడిని వాళ్ళు చెప్పినట్టు వెనక్కి పంపాలి, లేదంటే నాశనం చేయాలి. అంకె వాళ్ళది, కాయితం వాళ్ళది, రేపు మందయితే మందూ వాళ్ళదే.

నాయన కాసేపు కిటికీలోంచి వేరుశనగ చేలు చూశాడు. "పట్టు తూచి ఇస్తారు, చీర తూచి తీసుకుంటారు. కూలి మగ్గమే కదమ్మా" అన్నాడు.

ఆ మాట నన్ను లోపల ఎక్కడో తాకింది. ఎందుకంటే ఇన్నేళ్ళూ నేను నా ఉద్యోగానికి ఇంకో పేరు పెట్టుకున్నాను. గీత చదివే అలవాటు నాకు చిన్నప్పటి నుంచీ ఉంది. పని మీదే అధికారం, ఫలం మీద లేదు అన్నచోట ఆగి, నా ఉద్యోగం పుట్టుకతోనే నిష్కామమని అనుకునేదాన్ని. ఫలం నాది కాదని సంతకం పెట్టే కదా చేరాను! కానీ కూలి మగ్గం నేసేవాణ్ణి ఎవరూ త్యాగి అనరు. చీర అతనిది కాదు, అంతే. చేతిలో లేనిదాన్ని వదిలేశానని చెప్పుకోవడం ఏ త్యాగం?

నా పని సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. రిసెప్టార్ అంటే కణం గడపలో కూర్చున్న ప్రోటీన్. బయటి నుంచి వచ్చిన కబురు అందుకుని లోపలికి చేరవేస్తుంది. అలాంటిదొకటి ఉండి తీరాలని 1905లో కేంబ్రిడ్జిలో లాంగ్లీ అనే శాస్త్రవేత్త అన్నాడు, కోడి కండరం మీద నికోటిన్, క్యురారే పనిచేసే తీరు చూసి. దాన్ని ఎవరూ కంటితో చూడక ముందే. ఇవాళ వాడుకలో ఉన్న మందుల్లో దాదాపు మూడో వంతు ఒకే పెద్ద రిసెప్టార్ కుటుంబం మీద పనిచేస్తున్నాయి. ఆ కుటుంబం గుట్టు విప్పినందుకే లెఫ్కోవిట్జ్, కోబిల్కాలకు 2012లో నోబెల్ వచ్చింది.

మేం కణాల పైపొరలు వేరుచేసి, వాటి మీద ట్రిటియం అనే రేడియోధార్మిక హైడ్రోజన్ చేర్చిన ఒక తెలిసిన అణువును వదులుతాం. దానితో పాటు నంబరు సీసాలోని పదార్థాన్ని పలచన నుంచి చిక్కన దాకా పది మోతాదుల్లో కలుపుతాం. కొత్తది రిసెప్టార్‌లో చోటు పట్టగలిగితే పాతది తప్పుకుంటుంది. యంత్రంలో లెక్క తగ్గుతుంది. చిక్కేమిటంటే, ఆ ట్రిటియం అణువు రిసెప్టార్‌నే కాదు, కొవ్వు పొరనీ, వడపోత కాగితాన్నీ, ప్లాస్టిక్కునీ కూడా పట్టుకుంటుంది. అందుకని ప్రతి ప్లేటులో కొన్ని గుంతల్లో రిసెప్టార్లన్నిటినీ ముందే వేరే పదార్థంతో నింపేసి, అప్పటికీ ఎంత అంటుకుందో చూసి, దాన్ని మొత్తంలోంచి తీసేస్తాం. రిసెప్టార్‌లో ఉండేది కొంచెం చోటు. ట్రిటియం అణువు మోతాదు పెంచుతూ పోతే నిండి, గీత వంగి నిలబడుతుంది. ఊరికే అంటుకునేదానికి నిండటం లేదు. పోసినకొద్దీ పైకి పోతూనే ఉంటుంది. కొత్తగా చేరిన పిల్లలకు ఈ రెండు గీతలూ గీసి చూపించిన ప్రతిసారీ నాకు గీతలోని సంగం అన్న మాట గుర్తొస్తుంది. సంగమంటే అంటుకోవడమే.

ఒకసారి లేత పసుపు పొడి ఒకటి వచ్చింది. అప్పుడు నేను పనిచేసే చోటు వేరు. వడపోత లేకుండా, పూసల పద్ధతిలో చేశాం. ట్రిటియం అణువు పూసకు దగ్గరగా ఉంటే పూస వెలుగుతుంది, దూరమైతే ఆరిపోతుంది. లెక్క ఎంతో అందంగా దిగింది. సుమారు మూడు మైక్రోమోలార్. తొలి దశలో ఆశ పుట్టించే అంకె. పంపినవాళ్ళు సంబరపడ్డారు. తరవాతి దశ పని కూడా మీకే ఇస్తామన్నారు. మా ల్యాబులో స్వీట్లు పంచారు.

ఆ రంగు నన్ను నిద్రపోనివ్వలేదు. పూస చిమ్మేది నీలపు వెలుగు. పసుపు దాన్ని మింగేస్తుంది. అణువు తన చోటు వదలకపోయినా వెలుగు తగ్గి, వదిలినట్టే కనబడుతుంది. ఎవరూ అడగకుండానే పాత వడపోత పద్ధతిలో మళ్ళీ చేశాను. ప్లేటు యంత్రంలో తిరుగుతున్న ఆ కాసేపూ నేను దేవుడికి మొక్కుకున్నాను, మొదటి అంకే నిజం కావాలని. ఇది దాచకుండా చెప్పాలి. లెక్కలు వచ్చాయి. బల్లపరుపు గీత. ఏమీ అతుక్కోలేదు. అదే రాసి పంపాం. తరవాతి దశ రాలేదు.

ఆ మొక్కుతోనే నాకు తెలిసింది. ఒప్పందం నా హక్కును తీసేసింది గానీ కోరికను తీసేయలేదు. ఆ అంకె నాది కాదు, దానితో వచ్చే డబ్బు నాది కాదు, అయినా అది ఫలానాలా ఉండాలని నేను కోరుకున్నాను. నేను నిజంగా వదులుకోవాల్సిన ఫలం అదొక్కటే. అప్పటిదాకా దాన్ని నేను ఫలమని గుర్తుపట్టనే లేదు.

అయితే దీనికి అవతలి ఒడ్డు ఇంకా ప్రమాదం. "మనకెందుకు, అడిగిన అంకె పంపితే సరి" అనే మనుషుల్ని నేను ఆశపడేవాళ్ళ కంటే ఎక్కువమందిని చూశాను. వాళ్ళు మొదటి అంకె దగ్గరే ఆగిపోతారు. పైకి అదీ వైరాగ్యంలాగే ఉంటుంది. గీత పద్దెనిమిదో అధ్యాయం త్యాగాన్ని మూడు రకాలుగా విడగొట్టింది ఇందుకేనని నా నమ్మకం. చేయాల్సిన పనిని మోహంతో వదిలేస్తే తామసం. ఒళ్ళు నొస్తుందని వదిలేస్తే రాజసం. అక్కడే సాత్వికుడైన కర్త ఎలా ఉంటాడో చెబుతూ, గెలుపోటములకు చలించడనడమే కాదు, ధైర్యం, ఉత్సాహం రెండూ ఉండాలంటుంది. ఉత్సాహం! ఎన్నోసార్లు చదివి కూడా ఆ మాట మీద నేను ఆగలేదు. ఫలం మీద ఆశ లేనివాడికి ఉత్సాహం ఎక్కణ్ణుంచి వస్తుంది? రెండో ప్లేటు పెట్టేవాడికి వస్తుంది. నిజం ఏదో తెలుసుకోవాలన్న తహతహ, అది మనకు నచ్చేలా ఉండాలన్న కోరిక, రెండూ ఒకటి కావు.

ఇంకో సంగతి నన్ను ఎప్పుడూ వెంటాడుతుంది. మేం రిసెప్టార్లను పెంచే కణాల్లో హెక్ 293 అని ఒక రకం ఉంది. 1973 ప్రాంతంలో నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో ఒక గర్భస్థ శిశువు మూత్రపిండం నుంచి తీసినవి. 293 అనేది ఆ ప్రయోగం వరస సంఖ్య. ఆ బిడ్డ తల్లి ఎవరో లోకానికి తెలియదు. ప్రపంచమంతా ల్యాబుల్లో ఆ కణాలు ఇవాళ్టికీ విభజన చెందుతూనే ఉన్నాయి. పెద్దల అమావాస్యకు నాయన నీళ్ళు వదిలేటప్పుడు, తల్లీ తండ్రీ చుట్టమూ లేని వాళ్ళకు కూడా తృప్తి కలగాలనే మంత్రం ఒకటి పురోహితుడు చెప్పిస్తాడు. అర్థం తెలిసిన ఏడాది నుంచి, అక్కడికి రాగానే నేను ఆ బిడ్డను తలుచుకుంటున్నాను. నా అన్నంలో ఆ బిడ్డ వాటా ఉంది.

మా రంగంలో సొంత మగ్గం వాళ్ళూ ఉన్నారు. హైదరాబాద్‌లోని సువెన్ అనే కంపెనీ ఒకవైపు ఇతరులకు కాంట్రాక్టు పని చేస్తూనే, మెదడు రిసెప్టార్ల మీద తన సొంత అణువుల్ని తయారుచేసుకుంది. సెరొటోనిన్ రిసెప్టార్లలో ఆరో రకాన్ని అడ్డుకునే మసుపిర్డిన్‌ను అల్జీమర్స్ రోగుల మీద పరీక్షిస్తే, 2019లో జ్ఞాపకశక్తి విషయంలో అనుకున్న ఫలితం రాలేదు. ఆ సమాచారాన్నే మళ్ళీ తరచి చూసి, రోగుల్లో కనిపించే ఉద్రేకం మీద అది పనిచేయవచ్చని కొత్త పరీక్షలకు దిగారు. ఆ వార్త చదివినప్పుడు నేను నా పసుపు పొడిని తలుచుకున్నాను. ఫలం సొంతమైనవాడికీ ఓటమి ఓటమే. వాళ్ళూ రెండో ప్లేటు పెట్టారు.

లేపాక్షిలో దిగాం. నాయన పెద్ద నంది దగ్గర ఎక్కువసేపు ఉండలేదు. నేరుగా గుడి వెనక కళ్యాణమండపానికి నడిపించాడు. విజయనగర రాజు అచ్యుతరాయల కాలంలో ఆయన అధికారి విరూపణ్ణ పెనుకొండ నుంచి కట్టించిన గుడి ఇది. రాజు సొమ్ము అడగకుండా ఖర్చు పెట్టాడన్న నిందకు తన కళ్ళు తానే పెరికి గోడకు కొట్టాడని మా వైపు చెప్పుకునే కథ. ఆ ఎర్ర మరకలు పిల్లలందరికీ చూపిస్తారు. మండపం పని ఆగిపోయింది. శివపార్వతుల పెళ్ళికి దేవతలంతా వచ్చి స్తంభాల మీద నిలబడ్డారు, పైన కప్పు లేదు. నాయన ఒక స్తంభాన్ని చేత్తో తడుముతూ, "వేళ్ళు చూడమ్మా, గోళ్ళు కూడా తీర్చినాడు" అన్నాడు. విరూపణ్ణ పేరు మిగిలింది. గోళ్ళు తీర్చినవాడి పేరు లేదు.

ఈ స్తంభాల మీది తీగల్ని, కప్పుల మీది బొమ్మల్ని ధర్మవరం వాళ్ళు చీర అంచుల్లోకి దించుకున్నారు. నాయనా నేశాడు. ఆయన చీర ఒక్కటీ మా ఇంట్లో లేదు. "నీకెప్పుడూ అనిపించలేదా నాయనా, ఎవరు కట్టుకున్నారో అని?" అడిగాను.

"యాల అనిపించదు? ముప్పై ఏండ్లు ఏ పెండ్లికి పోయినా అంచులే చూసినా. నా చెయ్యి నాకు తెలుస్తాది కదా."

"ఎన్నడన్నా కనపడిందా?"

"ఒగసారి. కదిరిలో. పెండ్లికూతురి మీద."

"నువ్వే నేసినావని చెప్పినావా?"

"ఎందుకు చెప్పల్ల? బాగుండాది ఆయమ్మకు."

పత్రికల్లో కొత్త మందు వార్త వచ్చినప్పుడల్లా నేనూ అందులోని అంకెలు వెతుకుతుంటాను, మా ల్యాబులో కొలిచినవాటిలా ఏమన్నా ఉన్నాయేమోనని. ఇది ఆశేనేమో, దోషమేమోనని చాలాకాలం బాధపడ్డాను. ఆ మండపంలో నిలబడి ఆ మాట వింటున్నప్పుడు నాకు ఆ బాధ లేదు.

నాట్యమండపంలో వేలాడే స్తంభం దగ్గర గుంపుగా ఉంది. ఎవరో ఒకామె కండువా స్తంభం కింద నుంచి అటు దూర్చి ఇటు లాగుతోంది. ఆమెది మెరూన్ పట్టుచీర, గచ్చకాయ రంగు అంచు. నాయన నా చెయ్యి వదిలి, కళ్ళు చికిలించి రెండడుగులు ముందుకు వేశాడు. వంగి అంచు వైపు చూశాడు.

"నాది కాదులే" అన్నాడు. ఆమె మండపం దాటిపోయేదాకా చూస్తూనే ఉన్నాడు.