చూడ్డానికి వచ్చేవారు, ఉండేవారు

పాపికొండలు చూడ్డానికి వెళ్లడం మంచిదేనా అని పై తరగతుల పిల్లలు అడుగుతుంటారు. దానికంటే ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటి ఉంది. చుట్టపు చూపుగా ఒక ఇంటికి వెళితే, ఆ ఇంటివారు ఎవరో తెలుసుకుని వెళతాం. మరి అడవికి వెళ్లినప్పుడు ఇంటివారు ఎవరు?

పాపికొండల అడవి 1978లో అభయారణ్యం, 2008లో జాతీయ పార్కు అయింది. విస్తీర్ణం 1,012 చదరపు కిలోమీటర్లు. అడవిదున్న, చిరుత, ఎలుగుబంటి, దుప్పి అక్కడ తిరుగుతాయి. కొండరెడ్లు, కోయలు ఆ కొండల్లో, ఆ గోదావరి ఒడ్డున తరతరాలుగా బతుకుతున్నారు.

ఇప్పుడు ఆ పార్కు గురించి వచ్చే వార్తలు గమనించండి. వానాకాలం వరద వస్తే గండిపోచమ్మ గుడి మునిగిందని, బోట్లు ఆపేశారని రాస్తారు. నీరు తగ్గితే విహారయాత్ర మళ్లీ మొదలైందని రాస్తారు. పులి జాడ కనిపిస్తే అదీ వార్తే. ఊరు ఖాళీ చేసి పునరావాస కాలనీకి వెళ్లిన కుటుంబం గురించి కూడా రాస్తారు గానీ, అది ప్రాజెక్టు వార్తల్లో వస్తుంది. అడవి ఒక పేజీలో, అడవి మనిషి మరో పేజీలో. చదివేవారికి ఇద్దరికీ సంబంధం లేదనిపిస్తుంది.

చట్టాల్లోనూ ఈ రెండు చూపులు ఉన్నాయి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం జాతీయ పార్కులో పశువులను మేపకూడదు. 2006 అటవీ హక్కుల చట్టం మాత్రం పార్కుల్లో, అభయారణ్యాల్లో కూడా ఆదివాసుల హక్కులను గుర్తించాలంటుంది. మొదటిది మనిషిని తప్పించి అడవిని కాపాడదామంటుంది. రెండోది మనిషితో కలిపి కాపాడదామంటుంది.

మనిషి లేకుంటేనే అడవి బతుకుతుందనే మాట నిజమే అనుకుందాం. అలాంటప్పుడు పోలవరం జలాశయం కింద ఆ పార్కు అడవి కొంత మునుగుతుంటే ఏమనాలి? మేకను తోలుకెళ్లినవాడిది నేరం, అడవిని ముంచే నీటిది అభివృద్ధి! ఆ ప్రాజెక్టు కింద దాదాపు లక్ష కుటుంబాలు ఊళ్లు వదలాలి. వారిలో ఆదివాసులు ఎందరో. త్యాగం చేయమని ఎప్పుడూ ఒకరినే అడిగితే దాన్ని త్యాగం అనవచ్చా?

2019 సెప్టెంబర్ 15న కచ్చులూరు దగ్గర పర్యాటకుల బోటు మునిగింది. ఒడ్డున ఉన్న గిరిజనులు తమ పడవలేసుకుని వెళ్లి, దొరికినవారిని దొరికినట్టు పైకి లాగారు. తమ గడప ముందు ఆపదలో పడ్డవారిని ఆదుకోవడం ఇంటివారు చేసే పని. ఆ అడవిలో ఇంటివారు ఎవరో ఆ రోజు గోదావరే చూపించింది.

అయితే ఇల్లు మనదే కాబట్టి ఏమైనా చేయవచ్చా? చేయకూడదు. వేటకు వెళ్లేవారు, వ్యాపారి ఇచ్చే డబ్బుకు చెట్టు కొట్టేవారు మనలోనూ ఉన్నారు. మన పెద్దలు మామిడి కొత్త పండుగ చేయకుండా కాయ ముట్టేవారు కాదు. ముందు దేవతకు, పెద్దలకు పెట్టాకే నోట్లో పెట్టుకునేవారు. కాయ ముదిరే వరకు చెట్టును వదిలేయడం ఆ కట్టుబాటులోనే ఉంది. అటవీ హక్కుల చట్టం కూడా హక్కు ఒక్కటే ఇవ్వలేదు. అడవిని, వన్యప్రాణులను కాపాడే బాధ్యతను, అధికారాన్ని గ్రామసభకు, హక్కుదారులకు అప్పగించింది. బాధ్యత మోయకుండా హక్కు ఒక్కటే అడిగితే మనమూ చూడ్డానికి వచ్చినవారితో సమానమే.

కాబట్టి పాపికొండలకు వెళ్లడం తప్పు కాదు. ఎవరి ఇంటికి వెళుతున్నామో తెలియకుండా వెళ్లడమే తప్పు. ఉపాధ్యాయ మిత్రులు పిల్లలను తీసుకెళితే, ముందుగా అక్కడి ఊళ్ల పేర్లు, వాగుల పేర్లు, ఖాళీ అయిన ఊళ్ల పేర్లు నేర్పండి. పేరంటపల్లిలో వెదురు బొమ్మ కొంటే, అది అల్లిన అక్కతో రెండు మాటలు మాట్లాడమనండి. యువతీయువకులు తమ గ్రామసభలో కూర్చుని ఏ పండు ఎప్పుడు కోయాలో, ఏ వైపు మంట పెట్టకూడదో తీర్మానం రాయండి. ఆ తీర్మానం చేతిలో ఉంటే, ఈ అడవి ఎవరి ఇల్లని అడిగినవారికి దాన్నే చూపించవచ్చు.